పుస్తకం చదివి నాదాన్ని నిర్మించవచ్చునా?

ఒడ్డున కూర్చుని ఈత నేర్చినవాడు లేడని పెద్దలంటారు. సంగీతం విషయంలో ఈ మాట మరింత గట్టిగా వినిపిస్తుంది. విద్య గురుముఖతః అబ్బవలసిందేనని కర్ణాటక సంప్రదాయం. ఉస్తాదు చేత మణికట్టుకు గండా కట్టించుకున్న నాటినుంచే శిష్యరికం మొదలవుతుందని హిందూస్థానీ ఘరానాల ఆచారం. ఈ రెండు సంప్రదాయాల మీదా మాకు అపారమైన గౌరవం ఉంది. వాటిని కాదనడానికి మేము కలం పట్టలేదు. కాని వాద్యాన్ని వాయించడం ఒక విద్య, వాద్యం పలికే నాదాన్నే మొదటినుంచి నిర్మించడం మరొక విద్య. ఈ రెండవ విద్యకు సింథసైజర్ అనే యంత్రం ఆధారం. దానిని పుస్తకాల ద్వారా నేర్చుకోవచ్చునని, మన వంటి కళాశాలల్లో చదివేవారికి అంతకంటే మంచి మార్గం ప్రస్తుతానికి లేదని మా దృఢమైన అభిప్రాయం. దానికి గల కారణాలను విద్యార్థి మిత్రుల ముందు, కళాశాల సంఘం పెద్దల ముందు ఉంచదలచాము.

ఇందుకు ఒక తక్షణ కారణం కూడా లేకపోలేదు. రానున్న వార్షికోత్సవానికి కొత్త ఎలక్ట్రానిక్ కీబోర్డు కొనాలని సంఘంవారు ఆలోచిస్తున్నట్లు తెలిసింది. ఆ ఆలోచన వెనుక గల సదుద్దేశాన్ని మేము శంకించడం లేదు. అయితే ఆ సొమ్ములో కొంత భాగాన్ని మరొక విధంగా వినియోగిస్తే ఎక్కువమందికి, ఎక్కువకాలం ఉపయోగపడుతుందని మా మనవి.

మన కళాశాల సామాను గదిలో ఒక పాత కీబోర్డు ఉన్నది. దాని మీటల మీద సితార్, తబలా, ఫ్లూట్ అంటూ పేర్లు అచ్చువేసి ఉంటాయి. రెండేళ్ళ క్రితం వార్షికోత్సవంలో గజల్ పాడుతున్న మిత్రునికి తోడుగా ఒకరు ఆ సితార్ మీట నొక్కి వాయించగా సభ అంతా గొల్లుమన్నది. తగరపు డబ్బాకు కట్టిన తీగను గోటితో గీకినట్లు వినిపించింది. నవ్వినవారిలో మేమూ ఉన్నాము. నవ్వు ఆగిన తరువాత ఒక ప్రశ్న మిగిలింది. సితారును సితారుగా నిలబెట్టేది ఏది? ఆ యంత్రం దేనిని మరచిపోయింది? మా చదువు ఆ ప్రశ్నతోనే ప్రారంభమైంది. మేము ఐదుగురం. ఇద్దరు భౌతికశాస్త్రం, ఒకరు గణితం, ఒకరు తెలుగు సాహిత్యం, ఒకరు ఉర్దూ సాహిత్యం చదివేవారు. ఏ ఒక్కరికీ సరళీ స్వరాలైనా తప్పు లేకుండా వాయించడం రాదు.

కళాశాల గ్రంథాలయంలో, భౌతికశాస్త్రం బీరువా అట్టడుగున, వీపు ఊడిన ఒక లావుపాటి గ్రంథం దొరికింది. జర్మన్ శాస్త్రజ్ఞుడు హెర్మన్ హెల్మ్‌హోల్ట్జ్ 1863లో స్వర సంవేదనలపై ప్రకటించిన గ్రంథానికి అలెగ్జాండర్ ఎల్లిస్ 1875లో చేసిన ఆంగ్లానువాదం అది. ఏ నాదమైనా ఒక ప్రాథమిక స్వరం, దానిపై రెండు రెట్లు, మూడు రెట్లు, నాలుగు రెట్ల పౌనఃపున్యాలతో పేర్చిన అనుస్వరాలు కలిసి ఏర్పడుతుందని, వాటి పాళ్ళను బట్టి నాదగుణం మారుతుందని ఆ గ్రంథం బోధిస్తుంది. బోధించి ఊరుకోదు. విద్యుత్తుతో కంపించే శృతిదండాలను వరుసగా అమర్చి, వాటి పాళ్ళను హెచ్చించి తగ్గించి, మానవ కంఠంలోని అచ్చుల వంటి ధ్వనులను కృత్రిమంగా పలికించిన వైనం కూడా అందులో ఉన్నది. సింథసైజర్ అనే మాట ప్రచారంలోకి రాక ముందే దాని మర్మం పుస్తకంలోకి ఎక్కింది.

ఇక్కడ మన ప్రాంతానికి సంబంధించిన ఒక ముచ్చట చెప్పకుండా ఉండలేము. సర్ సి.వి. రామన్ బాల్యం విశాఖపట్నంలో గడిచింది. ఆయన తండ్రి అక్కడి ఏ.వి.ఎన్. కళాశాలలో అధ్యాపకులు. తన మనసును తీర్చిదిద్దిన గ్రంథాలు మూడని రామన్ తరువాత చెప్పుకున్నాడు. ఎడ్విన్ ఆర్నాల్డ్ రచించిన బుద్ధ చరిత్ర, యూక్లిడ్ రేఖాగణితం, మూడవది ఈ హెల్మ్‌హోల్ట్జ్ గ్రంథం. 1907లో కలకత్తాలో ప్రభుత్వ ఆర్థికశాఖ ఉద్యోగిగా చేరి, తీరిక వేళల్లో ప్రయోగశాలకు వెళ్ళి, ఫిడేలు తీగలను, వీణను, తంబురాను, మృదంగాన్ని పరీక్షించాడు. మామూలు చర్మ వాద్యాలలో అతిస్వరాలు ఒక లెక్కకు లొంగవు. మన మృదంగంలోను, తబలాలోను నడుమనున్న నల్లని పూత, తబలా వాదకులు సియాహీ అనేది, వాటిని శ్రుతిబద్ధమైన వరుసలోకి తెస్తుందని 1920లో శివకాళీ కుమార్‌తో కలిసి నేచర్ పత్రికలో ప్రకటించాడు. అంతటివానికి ఈ దారి చూపినది ఒక పుస్తకమే కదా!

సింథసైజర్ చరిత్రలో పుస్తకానికి, పత్రికకు గల స్థానం మేము మొదట అనుకున్నదానికంటే పెద్దది. రాబర్ట్ మూగ్ పధ్నాలుగవ ఏట ఒక పత్రికలోని పటం చూచి, తండ్రి సాయంతో థెరెమిన్ అనే విద్యుత్ వాద్యాన్ని తయారుచేశాడు. 1964లో ఆయన నిర్మించిన యంత్రభాగాలే తరువాత మూగ్ సింథసైజర్‌గా లోకప్రసిద్ధి చెందాయి. జాన్ చౌనింగ్ కథ ఇంతకన్నా మాకు దగ్గరగా తోచింది. ఆయన స్టాన్‌ఫర్డ్‌లో సంగీత విద్యార్థి, తాళవాద్యకారుడు, కంప్యూటరుతో ఏ పరిచయమూ లేనివాడు. కంప్యూటరును సంగీత వాద్యంగా వాడవచ్చునని బెల్ ప్రయోగశాలకు చెందిన మాక్స్ మాథ్యూస్ 1963లో సైన్స్ పత్రికలో రాసిన వ్యాసం 1964లో ఆయన చేతికి వచ్చింది. దానిని పట్టుకుని ప్రోగ్రామింగ్ నేర్చుకున్నాడు. 1967లో ఒక కంపనంతో మరొక కంపనం యొక్క పౌనఃపున్యాన్ని వేగంగా ఊపితే, రెండే రెండు తరంగాల నుంచి అతి సంక్లిష్టమైన నాదం పుడుతుందని కనుగొన్నాడు. 1973లో దానిని వ్యాసంగా ప్రకటించాడు. యమహావారు ఆ పద్ధతిని తీసుకుని 1983లో డీఎక్స్7 అనే వాద్యం విడుదల చేశారు. అది లక్షకు పైగా అమ్ముడుపోయింది. ఒక వ్యాసం చదివిన తాళవాద్యకారుడు మరొక వ్యాసం రాయగా, ఒక దశాబ్దం సినిమా పాటల ధ్వనే మారిపోయింది.

ఆ 1973 నాటి వ్యాసం మేము సంపాదించి చదివాము. అందులో గంట ధ్వనికి కావలసిన అంకెలన్నీ ఉన్నాయి. మోసే తరంగం 200 హెర్ట్జులు, ఊపే తరంగం 280 హెర్ట్జులు, ఇండెక్స్ అనబడే అంకె మొదట 10, అది క్రమంగా సున్నకు దిగాలి. ఊపుడు వల్ల 200కు అటూ ఇటూ 280 చొప్పున కొత్త పౌనఃపున్యాలు పుడతాయి. పైకి 480, 760, 1040. కిందికి వెళ్ళినవి సున్నను దాటి వెనుకకు మళ్ళి 80, 360, 640గా వినబడతాయి. ఇవి ఒక స్వరానికి వరుస గుణిజాలుగా చెవికి తోపవు. అందుకే అది తీగ కాదు, గంట. ఇంత స్పష్టంగా ఉన్నదాన్ని మేము చెడగొట్టాము. ఇత్తడి వాద్యానికి ఇండెక్స్ 5 వరకు పెరగాలని ఉన్నచోట దానిని 5 హెర్ట్జులుగా చదివాము. పది రోజులు ప్రయత్నించినా తుమ్మెద రొద తప్ప ఏమీ రాలేదు. తప్పు పుస్తకానిదేనని నిశ్చయించుకుని దానిని మూసివేశాము కూడా. చివరకు గణితం సార్‌ను ఆశ్రయిస్తే, కాగితం వైపు ఒక్కసారి చూచి, "నాయనా, ఇది హెర్ట్జు కాదు, నిష్పత్తి. ఊపే పౌనఃపున్యంతో గుణించాలి" అన్నారు. 200ను 5తో గుణిస్తే 1000. మేము వేయి ఇవ్వవలసిన చోట ఐదు ఇచ్చాము. ఆ సాయంకాలం బాకా మోగింది.

ఈ సంగతి దాచవలసినది కాదు. పుస్తకం ఉంటే గురువు అక్కరలేదని మేము అనడం లేదు. గణితం సార్‌కు సింథసైజర్ అంటే ఏమిటో తెలియదు. అయినా ఆయన మాకు గురువయ్యారు. ప్రశ్న కాగితం మీద అచ్చులో ఉండబట్టే అది సాధ్యమైంది. ఎవరో ఏదో మీట తిప్పగా విన్న ధ్వనిని మేము నోటితో వర్ణించి ఉంటే ఆయన ఏమి చెప్పగలిగి ఉండేవారు?

రెండవ అనుభవం తీగకు సంబంధించినది. 1983లో కెవిన్ కార్‌ప్లస్, అలెక్స్ స్ట్రాంగ్ అనే ఇద్దరు ప్రకటించిన పద్ధతి అతి సులభమైనది. ఇష్టం వచ్చిన 200 అంకెలను, ఒక క్రమమంటూ లేకుండా, వరుసగా పేర్చాలి. మొదటి అంకెను ధ్వనిగా బయటకు పంపి, దానికీ దాని పక్క అంకెకూ సరాసరి తీసి వరుస చివర చేర్చాలి. ఇదే పనిని సెకనుకు 44,100 సార్లు చేస్తూ పోవాలి. మొదట ఒక్క లిప్తపాటు గరగరమని, వెంటనే మీటిన తీగ వలె మోగి, మెల్లగా అణగిపోతుంది. 44,100ను 200.5 చేత భాగిస్తే సుమారు 220 హెర్ట్జులు, అదే దాని శ్రుతి. కూడిక, సగం చేయడం తప్ప ఇందులో గణితం లేదు. ఎనిమిదవ తరగతి పిల్లవాడు కాగితం మీద చేయగలడు. కంప్యూటరుకు గల ఆధిక్యం వేగం మాత్రమే. ప్రయోగశాలలోని పాత కంప్యూటరు మీద అది మొదటిసారి మోగినప్పుడు మాలో ఒకరు లేచి నిలబడ్డారు.

ఆ సంతోషంతో మా వీధిలో సితార్ నేర్పే ఒక వృద్ధ ఉస్తాదుకు దానిని వినిపించాము. ఆయన రెండుసార్లు వినిపించుకుని, "జవారీ ఖులీ నహీఁ, బేటా" అన్నారు. తీగ ఉన్నది గాని జవారీ విచ్చుకోలేదని భావం. సితార్, తంబురాల గుర్రం పదునుగా ఉండదు, వెడల్పుగా, కొద్దిగా వంపుగా ఉంటుంది. కంపించే తీగ ఆ వంపును తాకుతూ, వదలుతూ ఉంటుంది. ఆ రాపిడిలో పుట్టే జుమ్మనే రవళినే జవారీ అంటారు. తీగను ఏ బిందువు వద్ద మీటితే అక్కడ నిశ్చల బిందువు గల అనుస్వరాలు పుట్టరాదని పాత నియమం. తంబురా, వీణలలో అవి కూడా దివ్యంగా వినబడుతున్నాయని రామన్ 1921లోనే రాశాడు. ఉస్తాదు ఒక్క మాటలో చెప్పినది, రామన్ వ్యాసంలో కారణంతో సహా దొరికింది. తీగ పొడవు లెక్కను కంపన పరిమితిని బట్టి రవ్వంత మారేటట్లు సవరించగా మా తీగలోనూ కొంత జుమ్మనడం మొదలైంది. ఉస్తాదు విని "కుఛ్ ఖులీ హై" అన్నారు. కొంతే! అంతకు మించి ఆయన మెచ్చుకోలేదు. కాని పాత కీబోర్డు సితార్ మీట మరచిపోయినది ఏదో మాకు తెలిసింది.

ఈ కాలంలో పుస్తకాలు ఎవరు చదువుతారు, దృశ్య పాఠాలు కోకొల్లలుగా ఉన్నాయి కదా అని మిత్రులు అంటారు. మేమూ చూచాము, చాలా చూచాము. వాటిలో నిజంగా మంచివి లేకపోలేదు. అయినా ఎక్కువ భాగం ఒక ఫలానా యంత్రం మీద ఫలానా మీటను ఎంత తిప్పాలో చూపుతాయి. ఎందుకు తిప్పాలో చెప్పవు. యంత్రం మారితే పాఠం చెల్లదు. 1863 నాటి పుస్తకం ఈనాటి ఫోనులోని సింథసైజర్‌కు కూడా పనికివస్తున్నది. రంపపు పళ్ళ తరంగంలో అనుస్వరాలన్నీ ఉంటాయని, చతురస్ర తరంగంలో బేసి సంఖ్యవి మాత్రమే ఉంటాయని, ఫిల్టర్ వాటిలో పైవాటిని కోసివేస్తుందని, ఎన్వలప్ ధ్వని పుట్టుక, నిలుకడ, అవసానాలను నిర్ణయిస్తుందని ఒక్కసారి గ్రహించినవానికి ఏ కంపెనీ యంత్రమైనా పరాయిది కాదు.

డీఎక్స్7 విషయంలో జరిగినదేమిటి? దాని ఆరు ఆపరేటర్లను, వాటిని కలిపే 32 అమరికలను అర్థం చేసుకుని కొత్త నాదాలు కల్పించినవారు కొద్దిమందే. మిగిలినవారు కంపెనీవారు పోసి ఇచ్చిన ధ్వనులనే వాయించారు. అందుకే ఆనాటి పాటలు ఏ దేశానివైనా ఒకే గంటలు, ఒకే పియానో మోగుతూ ఉంటాయి. మన వార్షికోత్సవానికి కొనే కీబోర్డులోనూ వందలకొద్దీ తయారు ధ్వనులుంటాయి. వాటిలోని సితార్ ఈసారి కొంచెం నయంగా ఉండవచ్చు. సభలో ఎవరూ నవ్వకపోవచ్చు. నవ్వనినాడు ప్రశ్న కూడా పుట్టదు, అదే మా భయం.

పుస్తకాలన్నీ ఒక్క తీరువి కావు, ఇది కూడా చెప్పాలి. కర్టిస్ రోడ్స్ 1996లో వెలువరించిన బృహద్గ్రంథం వెయ్యి పుటలకు పైబడినది. అవసరమైనప్పుడు తెరచి చూడవలసిన నిఘంటువు వంటిదే గాని, మొదటి పుట నుంచి చదవబోయినవారు నూరు పుటలలో అలసిపోతారు. మాలో ఒకరు అలసిపోయారు. మిల్లర్ పకెట్ 2007లో రాసిన గ్రంథాన్ని ఉచితంగానే పొందవచ్చు. దానికి తోడైన ప్యూర్ డేటా అనే సాధనమూ ఉచితమే. కాని త్రికోణమితి రానివారికి రెండవ అధ్యాయం దాటడం కష్టం. వాన, నిప్పు, గాలి, పక్షి కూతలను ఒక్కొక్కటిగా నిర్మించి చూపే ఆండీ ఫార్నెల్ పుస్తకం, 2010 నాటిది, మాబోటివారికి అన్నింటికన్నా అనుకూలం. జాన్-క్లాడ్ రిస్సే 1969లో బెల్ ప్రయోగశాలలో తయారుచేసిన శబ్దాల పట్టికలో ప్రతి నాదానికీ వంటకు దినుసుల వలె అంకెలన్నీ ఇచ్చి ఉన్నాయి. బాకా ధ్వని బిగ్గరయ్యేకొద్దీ పై అనుస్వరాల పాలు పెరుగుతుందని కనిపెట్టినది ఆయనే.

వీటన్నింటికీ ఒక సామాన్య లోపం. అన్నీ ఆంగ్లంలోనో, మరో పాశ్చాత్య భాషలోనో ఉన్నవే. మాకు తెలిసినంతలో ఈ విషయంపై తెలుగులో గాని, ఉర్దూలో గాని ఒక పాఠ్యగ్రంథం మా చేతికి రాలేదు. 1969లోనే అహ్మదాబాదులోని జాతీయ డిజైన్ సంస్థలో మూగ్ సింథసైజర్ నెలకొల్పబడింది. అమెరికన్ స్వరకర్త డేవిడ్ ట్యూడర్ వచ్చి దానిని అమర్చాడు. మనవారు దానిపై పనిచేసి టేపులు నింపారు. కొన్నేళ్ళకే ఆ ప్రయత్నం ఆగింది. ఆ టేపులలోని కృతులు సంపుటిగా వెలువడినది 2023లో. నడుమ అర్ధ శతాబ్దం! ఆ అనుభవం వెనువెంటనే మన భాషలలో పుస్తకంగా వచ్చి ఉంటే, మేము మొదటి మెట్టు కోసం ఇంత తడుముకోవలసి వచ్చేదా? మరీ వెనుకకు వెళితే, తొమ్మిదవ శతాబ్దంలో బాగ్దాదు నగరంలో బనూ మూసా సోదరులు తనంతట తానే వాయించే వేణు యంత్రాన్ని గురించి గ్రంథం రాశారు. తిరిగే పీపాపై అమర్చిన చీలలు దాని రంధ్రాలను మూసి తెరిచేవి. పీపాను మారిస్తే పాట మారుతుంది. ప్రోగ్రామింగ్ అంటే ఇంతకంటే ఏమిటి? రాసిపెట్టారు కాబట్టి ఈనాడు దానిని గురించి మనం మాట్లాడుకోగలుగుతున్నాము.

అందుకని మేము చదివినది చదివినట్లు రెండు భాషలలో ఒక నోటుపుస్తకంలోకి ఎక్కిస్తున్నాము. పారిభాషిక పదాల దగ్గర మా తగవులు వినదగినవి. తరంగానికి మౌజ్ అన్నప్పుడు ఎవరికీ పేచీ లేదు. అనునాదానికి ఉర్దూ శాస్త్ర పుస్తకాలలో గమక్ అనే మాట ఉన్నదని ఉర్దూ మిత్రుడు చెప్పగా, తెలుగు మిత్రురాలు ససేమిరా ఒప్పుకోలేదు. గమకం అంటే స్వరాన్ని ఊపడం, అనునాదం ఎలా అవుతుందని ఆమె వాదం. ఈ తగవు ఇంకా తీరలేదు. ఆసిలేటర్, ఫిల్టర్ అనే మాటలను మాత్రం ఇద్దరూ అట్లాగే ఉంచారు. రేడియో, సైకిలు అలవడినట్లు ఇవీ అలవడతాయి.

దీనివల్ల ఉద్యోగం వస్తుందా అని మా ఇళ్ళలో పెద్దలు అడుగుతున్నారు. వస్తుందని ప్రమాణం చేయలేము. మాలో ఇద్దరికి త్రికోణమితి మీద భయం పోయింది, ఇది నిజం.

సంఘం పెద్దలకు మా మనవి ఇది. కీబోర్డు కొనవద్దని మేము అనము. కాస్త చిన్నది కొనండి. మిగిలిన సొమ్ముతో పైన పేర్కొన్న పుస్తకాలలో ఉచితంగా లభించనివి రెండు మూడు, మంచి హెడ్‌ఫోనులు నాలుగు తెప్పించండి. హెడ్‌ఫోనులు విలాసం కాదు. ఒకసారి ఫిల్టర్ అనునాదాన్ని హద్దు మించి పెంచినందున వచ్చిన కీచు శబ్దానికి పక్క గదిలో జరుగుతున్న యూనిట్ పరీక్ష ఆగిపోయింది. అందుకు మేము క్షమాపణ పత్రం కూడా ఇచ్చుకున్నాము. వీపు ఊడిన హెల్మ్‌హోల్ట్జ్ గ్రంథానికి కొత్త అట్ట కట్టించాలి. పాత కీబోర్డును అమ్మివేయకుండా మాకు అప్పగిస్తే, దాని సితార్ మీటను పక్కన పెట్టుకుని మా తీగను పోల్చి చూచుకుంటాము.

గణితం సార్ వారానికి మూడు రోజులు, సాయంకాలం నాలుగు నుంచి ఆరు వరకు మాతో ఉండడానికి ఒప్పుకున్నారు. వీలైనప్పుడు వచ్చి వింటామని ఉస్తాద్ సాబ్ అన్నారు. ప్రయోగశాల తాళంచెవి మాత్రం సంఘంవారి లిఖితపూర్వకమైన అనుమతి లేనిదే ఇవ్వరాదట. మా అర్జీ గత మాసంలోనే ఇచ్చాము.